బూటు మీద మట్టెలు

నా మడమల గురించి ఇంత రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మనుషులు గుండె గురించి రాసుకుంటారు, కళ్ళ గురించి రాసుకుంటారు. మడమల గురించి ఎవరు రాస్తారు? కానీ రెండు వేల దశకం చివర్లో ఒక ఏడాది నా బతుకంతా ఆ రెండు మడమల చుట్టే తిరిగింది. ఇంట్లో గొడవలు వాటి వల్లే. మా అత్తతో, మా తమ్ముడితో, చివరికి వనపర్తిలో వెండి పని చేసే ఒక పెద్దాయనతో కూడా నేను మాటలు పడింది వాటి వల్లే. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

నేను బస్సు కండక్టర్‌ను. గద్వాలలో బయల్దేరి వనపర్తి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ పోయి, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చే బస్సు నాది. నాది అని ఎందుకంటున్నానంటే, మా డ్రైవరన్న స్టీరింగ్ మాత్రమే తిప్పేవాడు, బస్సును నడిపేది నేను. ఈ మాట ఆయన ముందు కూడా చాలాసార్లు అన్నాను. ఆయన కాదనలేదు, ఎందుకంటే నేను విజిల్ వేస్తే తప్ప ఆయనకు కదిలే హక్కు లేదు.

ఇంట్లో నా భర్త మగ్గం నేస్తాడు. గుంత మగ్గం అంటే నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని నేసేది. పొద్దున కాళ్ళు లోపల పెడితే అన్నానికి తప్ప బయటికి తీయడు. మా అత్త పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. వాళ్ళిద్దరిదీ కూర్చునే పని, ఇంట్లో నిలబడే పని నా ఒక్కదానిదే.

నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉండేది. పది అడుగులు వేశాక కొంచెం సర్దుకునేది. వనపర్తి వచ్చేసరికి మోకాలికి ఎక్కేది, బిజినేపల్లి దాటేసరికి నడుములో దిగేది, నాగర్‌కర్నూల్‌లో మెడ పట్టేసేది. నా బస్సులో టికెట్ తీసుకోకుండా అంత దూరం ప్రయాణం చేసింది ఆ నొప్పి ఒక్కటే.

కుంటుతూ టికెట్లు కొడుతుంటే ఎవరో చూసి డిపోలో చెప్పారు. పెద్దసారు పిలిపించాడు. మంచి మనిషే, మంచి మాటే చెప్పాడు. "రెండు నెలలు చూద్దామమ్మా. ఆ తర్వాత దవాఖానల డాక్టరు పరీక్ష చేస్తడు. నిలబడలేవని ఆయన రాస్తే నీకు డిపోలనే కుర్చీ పని ఇస్త. ఇగ బస్సెక్కే పని లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా అదృష్టవంతురాలివి అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను. పెళ్ళయిన నాటి నుంచి నేను అట్ల కూసోకు, గట్ల నవ్వకు అని వింటూ వచ్చినదాన్ని. ఆ బస్సులో డెబ్బై మంది నా మాట వినేవాళ్ళు. మీసాలు మెలేసిన మనుషులు కూడా నేను "ముందటికి జరుగుండ్రి" అంటే జరిగేవాళ్ళు. మూటలు, కోళ్ళ గంపలు, అలిగి వచ్చిన అల్లుళ్ళు, అందరూ నేను చూపించిన చోటే కూర్చునేవాళ్ళు. ఎనిమిది గంటలు నిలబడటం నాకు కష్టంగా లేదు, కూర్చోమంటేనే ప్రాణం పోయినట్టయింది. నా చేతిలో ఉన్నవి రెండు నెలలు. ఆ లోపల ఈ మడమలు బాగుపడాలి, లేకపోతే నేను కుర్చీ పాలు.

మా అత్త మాత్రం ఆ వార్త విని కండె పక్కన పెట్టి మరీ సంతోషపడింది. "మంచిగైంది పో. కుర్సీల కూసొని పొద్దూకక ముందే ఇంటికొస్తవు. జర ఒర్లుడు గూడ తగ్గుతది." నా అరుపులకు ఆమె పెట్టిన పేరు ఒర్లుడు.

వైద్యాలు మొదలుపెట్టాను. మొదటిది జిల్లేడు ఆకు వైద్యం. ఇటుకను పొయ్యిలో కాల్చి, దాని మీద జిల్లేడు ఆకు పరిచి, ఆకు మీద మడమ పెట్టాలి. చెప్పినావిడ అన్నీ చెప్పింది గానీ ఇటుక ఎంత వేడిగా ఉండాలో చెప్పలేదు. నేను పని చేస్తే పూర్తిగా చేస్తాను కాబట్టి ఎర్రగా కాల్చాను. మరునాడు డ్రైవరన్న నా నడక చూసి, "చెల్లె, మొన్నటిదాంక ఒక్క దిక్కే కుంటుతుంటివి, ఇప్పుడు రెండు దిక్కుల సమానంగ కుంటుతున్నవు, నయమైతున్నట్టుంది" అన్నాడు. ఆ రోజంతా ఆయనకు విజిల్ ఆలస్యంగా వేశాను.

తర్వాత వనపర్తిలో ఒక డాక్టరు మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. వేసుకున్నాను. దూదిలో నడిచినట్టు హాయిగానే ఉంది. రెండో రోజు పెబ్బేరు దగ్గర గేదె అడ్డం వచ్చి డ్రైవరన్న బ్రేకు కొట్టాడు. ఆ చెప్పులు నన్ను వెనక తలుపు దగ్గర నుంచి ఇంజన్ దాకా జారుడుబండ మీద తెచ్చినట్టు తెచ్చి, శ్రీరంగాపూర్ గుడికి పోయే ఒక పెద్దమనిషి ఒళ్ళో కూర్చోబెట్టాయి. ఆయన మర్యాదస్థుడు. "పర్వలేదు బిడ్డా, నేను రంగనాయకస్వామి కాడ దిగిపోత, అందాంక కూసో" అన్నాడు. ఆ చెప్పులు మళ్ళీ వేసుకోలేదు.

దసరాకు మా తమ్ముడు వచ్చాడు. వాడు బెంగళూరులో ఆటల సామాన్లు అమ్మే దుకాణంలో పని చేస్తాడు. రెండేళ్ళకే సగం తెలుగు, సగం కన్నడం అయిపోయాడు. నా సంగతి విని, సంచిలోంచి ఒక డబ్బా తీసి, మూత ఎత్తాడు. లోపల ఉన్నవి చూసి మా అత్త రాట్నం వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగింది.

బూట్లే అవి. కానీ ఒక్కో బూటుకు ఐదు వేళ్ళు ఉన్నాయి. చేతికి గ్లౌజు ఉన్నట్టు కాలికి గ్లౌజు. నల్లగా, సన్నగా, అడుగున పలుచటి రబ్బరు, మడమ ఎత్తు అసలే లేదు. పెద్ద కప్ప ఒకటి కాళ్ళు విప్పి పెట్టి ఎటో పోయినట్టుంది.

"ఏందిరా ఇవి?" అన్నాను.

"బేర్‌ఫుట్ బూట్లక్కా. అంటే ఉత్తకాళ్ళ బూట్లు. తొడుక్కుంటే అసలు తొడుక్కోనట్టే ఉంటది. పాదం తన పని తను చేసుకుంటది, మడమ నొప్పి, నడుము నొప్పి అన్ని తగ్గుతయి. సుమ్నే, ఊరికే, వేసుకొని చూడు."

మా అత్త దూరం నుంచే అడిగింది. "తొడుక్కోనట్టుంటే తొడుక్కునుడెందుకు? ఉత్తగనే నడిస్తె కాదా?"

"రాళ్ళు, గాజు పెంకులు గుచ్చుకుంటయి అత్తా."

"మరి గుచ్చుకోనప్పుడు అవి ఉత్తకాళ్ళెట్లయితయి?"

మా తమ్ముడు బెంగళూరులో ఎన్ని జతలు అమ్మాడో గానీ, ఈ ప్రశ్న వాడిని అక్కడ ఎవరూ అడిగినట్టు లేరు. నా భర్త మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇంకో ప్రశ్న వేశాడు. "బామ్మర్ది, నేను ఇరవై ఏండ్ల సంది ఉత్తకాళ్ళతోనే మగ్గం చెక్కలు తొక్కుతున్న. మరి నాకెందుకు నడుము నొప్పి?" వాడు టీ తాగి పడుకున్నాడు.

నేను మాత్రం ప్రయత్నించాలనే నిర్ణయించుకున్నాను. మునిగేవాళ్ళు కప్ప కాలైనా పట్టుకుంటారు. నేల మీద కూర్చుని తొడగడం మొదలుపెట్టాను. మన కాలి వేళ్ళు పుట్టినప్పటి నుంచి ఉమ్మడి కాపురం చేసినవి, ఒక్కొక్క దాన్ని ఒక్కో గదిలో పొమ్మంటే పోవు. చిటికెన వేలి గది ఖాళీగా వేలాడుతోంది, పక్క గదిలో ఇద్దరున్నారు. వాళ్ళను సర్ది, బొటనవేలిని లోపలికి తోసి, రెండో వేలి దగ్గరికొచ్చి ఆగిపోయాను. వేలు పోవడం లేదు. మట్టె అడ్డం.

ఆ బూట్లు తయారు చేసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళ ఇంట్లో పెళ్ళైన ఆడమనిషి లేదని మాత్రం నేను ఖాయంగా చెప్పగలను.

"మట్టె తీసి తొడుగక్కా" అన్నాడు తమ్ముడు, నిద్రలోంచే.

అంతే. ఇంట్లో రాట్నం ఆగింది, మగ్గం ఆగింది. మా అత్త లేచి నిలబడింది. "నా కొడుకు గుండ్రాయి లెక్క కండ్ల ముందర కూసున్నడు, మట్టెలు తీస్తదా? రబ్బరు బూట్ల కోసం? తీసినవో, చూడు మరి!"

నా భర్త మెల్లగా, "తీస్తె ఏమైతదే అమ్మా, నేనేమన్న మట్టెల మీద నిలబడ్డనా?" అన్నాడు. ఆయన నోరు మూసుకుని ఉంటే బాగుండేదని తర్వాత అందరం అనుకున్నాం.

మరునాడు డ్యూటీకి పోయేటప్పుడు బూట్లు సంచిలో పెట్టుకున్నాను. బస్టాండులో ఎవరూ చూడకుండా మట్టెలు తీసి రుమాలులో మూటగట్టి, కప్ప కాళ్ళు తొడుక్కున్నాను. మొదట చక్కిలిగింతలు పెట్టినట్టయింది. బస్సు నేలకు కొట్టిన మేకులన్నీ పాదానికి తెలుస్తున్నాయి. ఇన్నేళ్ళుగా నిలబడుతున్న నేలను మొదటిసారి తాకినట్టుంది. ఒళ్ళు తిన్నగా నిలబడింది. వనపర్తి దాకా మడమ మాటే రాలేదు. నాకెంత సంతోషమైందంటే బిజినేపల్లిలో దిగేవాళ్ళకు చేయి కూడా ఊపాను. నాగర్‌కర్నూల్ చేరేసరికి మాత్రం పిక్కలు రాళ్ళలా గట్టిపడ్డాయి. మొదట రోజుకు అరగంటే వేసుకోవాలని తమ్ముడు చెప్పాడు. నేను ఎనిమిది గంటలు వేసుకున్నాను. పని చేస్తే పూర్తిగా చేస్తానని ఇంతకు ముందే చెప్పాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో మంది ఉన్నారు. నా భర్త మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టు ఉంది.

మగ్గం గుంతలో పడ్డాడట.

ఇరవై ఏళ్ళుగా రోజూ కూర్చునే గుంతలో, తన చేతులతో తానే తవ్వుకున్న గుంతలో, పట్టపగలు పడ్డాడు. మా అత్త నేరుగా నా కాళ్ళ వైపు చూసింది. నేను బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నాను గానీ, పిక్కల నొప్పితో మట్టెలు పెట్టుకోవడం మరిచిపోయాను. రెండో వేలి మీద మట్టె ఉండాల్సిన చోట తెల్లటి గీత ఒకటి మెరుస్తోంది.

తర్వాత ఏం జరిగిందో పూర్తిగా రాయను. చుట్టుపక్కల నాలుగిళ్ళ వాళ్ళకు ఇప్పటికీ గుర్తుంది. పక్కింటి ఆవిడ నా వేలి మీది గీత చూసి చెంపలు వాయించుకుంది. నా భర్త మాత్రం అందరూ పోయాక నన్ను దగ్గరికి పిలిచి, అసలు సంగతి చెవిలో చెప్పాడు. "మట్టెలతోని కాదే. మా దోస్తు వస్తే, ఆ కప్ప కాళ్ళేసుకుంటె నువ్వు ఎట్ల నడుస్తవో నడిచి చూపిస్తున్న. వెనకకు చూసుకోలేదు."

"ఈ మాట మీ అమ్మకు చెప్పు మరి."

"అమ్మో, చెప్తె నన్ను కొడ్తది. నిన్నైతె ఉత్త తిట్లే గద."

ఆ రాత్రి నాకు కోపంతో నిద్రపట్టలేదు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు నా మడమ నా మాట విన్నది. మందు చేతికి దొరికింది, వేసుకోవడానికి లేదు. మట్టెలు పెట్టుకున్నాను, బూట్లు డబ్బాలో పడ్డాయి, మేకు మళ్ళీ మడమలోకి వచ్చింది. రెండు నెలల్లో మూడు వారాలు అప్పటికే పోయాయి.

సంత రోజు బస్సు కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజు కుంటుతూ టికెట్లు కొడుతుంటే ఒక ముసలామె అడిగింది, ఏమైంది బిడ్డా అని. కడుపు నిండా ఉన్నది కాబట్టి చెప్పేశాను. ఒక్కరికి చెప్పాననుకున్నాను, మా బస్సులో ఒక్కరికి చెప్పడం అంటూ ఉండదు. వనపర్తి దాటేసరికి ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అందరిదీ ఒకటే ముచ్చట. అచ్చంపేటలో దుకాణం ఉన్న ఒకాయన ఆ వేలి తొడుగు కత్తిరించి పారేయమన్నాడు. మంచి మాటే, కానీ అప్పుడు ఆ ఒక్క వేలికి రాళ్ళు గుచ్చుకుంటాయి. నూనె డబ్బాతో ఉన్న ఇంకొకాయన మట్టెలు మెడలో కట్టుకోమన్నాడు, మెడ కూడా ఒళ్ళే కదా అని. ఆడవాళ్ళంతా కలిసి ఆయన నోరు మూయించారు.

అప్పుడా ముసలామె, ఒళ్ళో వంకాయల గంప పెట్టుకుని, తాపీగా అంది. "మట్టె ఏడ కనపడాలె? బయటికి కనపడాలె. బూటు లోపల పెడితే ఎవనికి కనపడుతది? బూటు మీదనే పెట్టు బిడ్డా."

బస్సంతా నా కాళ్ళ వైపు తిరిగింది. డ్రైవరన్న కూడా అద్దంలోంచి చూశాడు.

వనపర్తిలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. మరునాడు ఆ పది నిమిషాల్లో వెండి పని చేసే పెద్దాయన దుకాణానికి పరుగెత్తాను. పరుగంటే నా కుంటి పరుగే. బూటు తీసుకుపోవడానికి సిగ్గేసి, బూటు వేలి చుట్టూ పట్టుదారం చుట్టి కొలత తెచ్చాను. ఆయన దారం చూశాడు, నా కాలి వేలు చూశాడు, మళ్ళీ దారం చూశాడు.

"గింత లావు ఏలు మనిషిది కాదు. ఏ ఊరి అమ్మవారికి తల్లీ?"

అవతల బస్సు టైమైపోతోంది. "గద్వాల" అన్నాను. అది అబద్ధం కాదు, నేను గద్వాలదాన్నే.

రెండు రోజుల తర్వాత పోతే ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. తమలపాకులో మట్టెలు పెట్టి, పసుపు కుంకుమ చల్లి, రెండు చేతులతో అందించాడు. అమ్మవారి పనికి కూలి తీసుకోనన్నాడు. ఇక నా వల్ల కాలేదు. సంచిలోంచి కప్ప కాలు తీసి ఆయన ముందు పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. చెబుతూ ఒక కన్ను తలుపు మీద పెట్టాను, తరిమితే పారిపోవడానికి.

ఆయన బూటును చాలాసేపు చూశాడు. తర్వాత నా ఖాకీ కోటు చూశాడు. "నువ్వు గద్వాల బస్సు కండక్టరమ్మవు గద?"

"అవును."

"పోయిన నెల సంత నాడు నన్ను పట్టుకొని వెనకకు జరుగు, వెనకకు జరుగు అని ఒర్లింది నువ్వే."

"అయ్యుంటది."

"అయితే అమ్మవారికే చేసినట్టు, తీస్కపో" అన్నాడు. కూలి మాత్రం ఇప్పుడు తీసుకుంటానన్నాడు.

ఇంటికి తెచ్చి, బూటు తొడిగి, బూటు మీద మట్టె ఎక్కించి, మా అత్త ముందు నిలబడ్డాను. ఆమె వంగి చూసింది. కూర్చుని చూసింది. కళ్ళజోడు తెప్పించుకుని చూసింది. నల్ల రబ్బరు వేలి మీద తెల్ల వెండి, నిజం చెప్పొద్దూ, బాగానే మెరుస్తోంది. చివరికి "కనపడుతున్నయి" అంది. గెలిచాననుకున్నాను. కానీ ఆమె అంత తొందరగా వదిలే మనిషి కాదు.

"మరి ఏలు మీదివి తీసి, బూటు మీదివి పెట్టుకునే లోపట మధ్యల ఉత్తగుంటవు గద?"

అందుకని ఒక పద్ధతి పెట్టింది. రెండు కాళ్ళవీ ఒకేసారి తీయకూడదు. ముందు కుడి కాలి మట్టె తీయాలి, బూటు తొడగాలి, బూటు మట్టె ఎక్కించాలి. అప్పటిదాకా ఎడమ కాలి మట్టె ఇంటిని కాస్తూ ఉంటుంది. కుడి వైపు అంతా సరిగా ఉందని చూసుకున్నాకే ఎడమ కాలు ముట్టుకోవాలి. మా డిపోలో కూడా డ్యూటీ మారేటప్పుడు ఇంత పకడ్బందీగా అప్పగింతలు ఉండవు. సాయంత్రం విప్పేటప్పుడు ఒక్కో కాలికీ ఇదంతా వెనక నుంచి ముందుకు. పైగా వెండి ఉన్న బూట్లు వాకిట్లో వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. కడిగి, తుడిచి, లోపల గూట్లో పెట్టింది. మా వంశంలో గడప దాటి లోపలికి వచ్చిన మొదటి పాదరక్షలు అవే.

ఈసారి తమ్ముడు ఫోన్లో చెప్పినట్టే విన్నాను. మొదటి వారం గద్వాల నుంచి ఏటి మీది వంతెన దాకా, తర్వాత పెబ్బేరు దాకా, తర్వాత వనపర్తి దాకా. రోజూ పొద్దున బస్సు మెట్టు మీద వేళ్ళు ఆనించి, మడమలు కిందికి పైకి ఇరవై సార్లు. డ్రైవరన్న దాన్ని చూసి, "ఎగిరిపోతవా ఏంది చెల్లె?" అనేవాడు. ఇనుప మెట్టు మీద అడుగు పెడితే మట్టెలు టంగుమనేవి. ఆ చప్పుడు వినగానే జనం వాళ్ళంతట వాళ్ళే జరిగేవాళ్ళు, నా గొంతుకు పని తగ్గింది. కొత్తవాళ్ళెవరైనా కింద చూసి ఉలిక్కిపడితే పాతవాళ్ళే వివరించేవాళ్ళు. "కాళ్ళకు కాళ్ళు తొడిగింది, ఇంకేం లేదు, కూసో."

మేకు చిన్నదైంది. పోయిందని చెప్పను, చిన్నదైంది. బూట్ల వల్లనో, మెట్టు మీద కసరత్తు వల్లనో, కుర్చీ భయం వల్లనో నాకు తెలియదు. నడుము నొప్పి మాత్రం బిజినేపల్లిలో ఎక్కడో దిగిపోయింది, మళ్ళీ ఎక్కలేదు.

నాగర్‌కర్నూల్ దవాఖానలో పరీక్ష రోజు వచ్చింది. మా అత్త కూడా వస్తానంది. వద్దన్నాను. "మట్టెలు మార్చుడు ఎవరు చూస్తరు?" అంది. దవాఖానలో డాక్టరు ముందు ఆమె నోరు తెరిచిందంటే నా పని అయిపోయినట్టే. రాత్రుళ్ళు మూలుగుతుందని చెబుతుంది, కుర్చీ ఇప్పించండని దండం పెడుతుంది. నన్ను కుర్చీలో చూడాలని రెండు నెలలుగా ఎదురు చూస్తున్న మనిషి.

డాక్టరు మధ్య వయసు మనిషి, బాగా అలసిపోయి ఉన్నాడు. "చెప్పులు విప్పి నడవండి" అన్నాడు, తల ఎత్తకుండా. నేను కూర్చుని కుడి కాలి బూటు మట్టె తీశాను. "ఆగు, ఎడమది ముట్టుకోకు" అంది మా అత్త. బూటు విప్పాను, వేలి మట్టె పెట్టాను. "ఆ, ఇప్పుడు ఎడమది." అప్పటికి డాక్టరు తల ఎత్తాడు. పెన్ను మూత పెట్టి, చేతులు కట్టుకుని, మేము పూర్తి చేసేదాకా చూశాడు.

గోడ నుంచి గోడకు నడిచాను. వేళ్ళ మీద నిలబడ్డాను. ఒంటి కాలి మీద నిలబడ్డాను. మడమను బొటనవేలితో గట్టిగా నొక్కాడు. నొప్పి పుట్టింది, కుక్కిన పేనులా ఉన్నాను. "నొప్పి ఉందా?" అన్నాడు. ఉందంటే కుర్చీ. లేదంటే అబద్ధం, అబద్ధమాడితే నా ముఖం మీద తెలిసిపోతుంది. నేను తటపటాయిస్తుంటే ఆయన మా అత్త వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నువ్వు చెప్పు. ఇంట్ల ఎట్లుంటది? నడుస్తదా, ఇబ్బంది పడుతదా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"మంచిగ నడుస్తది సారు" అంది మా అత్త. "గుర్రం లెక్క నడుస్తది. మీకు దండం పెడుత, దాన్ని కూసోబెట్టకుండ్రి. బస్సుల ఒర్లి వస్తది కాబట్టి ఇంట్ల జర సప్పుడు లేకుంట ఉంటం. కుర్సీల కూసోబెడితే మమ్ముల గూడ టికెట్లు అడుగుతది. మీకు పుణ్యముంటది, బస్సు మీదనే ఉంచుండ్రి."

డాక్టరు నవ్వును ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నిలబడి చేసే పనికి తగినదే అని రాశాడు. ఆ కాగితాన్ని మడిచి రుమాలులో మూటగట్టుకున్నాను.

బస్టాండు దాకా వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అత్తా, కుర్సీ మంచిదని నువ్వే గద అన్నవు? నాకింక నొప్పి ఉన్నదని నీకు తెల్వదా?"

"తెల్సు."

"మరి?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏడేండ్ల పిల్లగున్నప్పుడు నన్ను రాట్నం ముందల కూసోబెట్టిండ్రు. ఇప్పటిదాంక కూసొనే ఉన్న. కూసునుడు ఎట్లుంటదో నాకు తెల్వదానే?"

ఈలోగా గద్వాల బస్సు వచ్చింది. మధ్యాహ్నం కదా, సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు మా డిపో మనిషే, కిటికీ పక్క సీటు చూపించి కూర్చోమన్నాడు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మా అత్త నన్ను చూసింది, సీటును చూసింది, వచ్చి నా పక్కనే కడ్డీ పట్టుకుంది. వనపర్తి దాకా ఆమె కూడా కూర్చోలేదు.